నీళ్ల వెల



బేత్లెహేము బావి నీళ్లు త్రాగాలని దావీదు ఆశపడ్డాడు. ముగ్గురు వీరులు ఫిలిష్తీయుల దండులోనుండి చొచ్చుకుపోయి తెచ్చారు. ఆయన త్రాగలేదు. ప్రాణాలకు తెగించి తెచ్చిన నీళ్లని ఎంచి, యెహోవా సన్నిధిని పారబోశాడు (2 సమూయేలు 23:15-17). వాటి వెల ఆయనకు తెలుసు.

మరి మన నీళ్ల వెల మనకు తెలుసా? ఖతార్‌లో ఒక్క నది కూడా లేదు. కుళాయిలో వచ్చేది దాదాపు అంతా సముద్రపు నీరే. సహజవాయువును మండించి, ఆ వేడితో, కరెంటుతో ఉప్పు వేరుచేస్తారు. పొగ గాలిలో కలుస్తుంది. మిగిలిన చిక్కటి ఉప్పునీరు తిరిగి సముద్రంలోకి, చేపలుండే చోటికే పోతుంది. ఊళ్లో బోరింగు కొట్టి బిందెలు మోసిన మనమే ఇక్కడ కుళాయి విప్పి వదిలేస్తాం!

ఆరాధన ముగిశాక కుర్చీల క్రింద చూడండి, సగం త్రాగి వదిలేసిన సీసాలు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులను ఈ దేశం 2022 నవంబరు 15 నుండి నిషేధించింది. సీసాల సంగతికి చట్టం దాకా ఎందుకు? అయిదు వేలమందికి సమృద్ధిగా పెట్టిన ప్రభువే మిగిలిన ముక్కలు పోగుచేయించాడు (యోహాను 6:12).

వచ్చే శుక్రవారం ఇంటినుండే నీళ్లు తెచ్చుకోండి. పిల్లలకు చిన్న సీసా ఇవ్వండి, వాళ్లు త్రాగగలిగినంతే పోసి.