వైవిధ్యము – వైషమ్యము

పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని మన పెద్దల సామెత. మనుష్యులందఱు నొక్క తీరున నుండరనుట యెల్లవారు నెఱిఁగినదే. కాని యీ భేదము సంఘమునకు మేలా, కీడా యని యడిగినచో విద్యావంతులు సైతము రెండు పక్షములుగా చీలుదురు. భాషలు, మతములు, ఆచారములు పెక్కుగా నుండుటయే దేశమునకు భాగ్యమని యొక పక్షము. కలహములన్నిటికి నవియే మూలమని వేఱొక పక్షము. ఈ రెండు పక్షములవారును ప్రశ్నలో సగమును మాత్రమే చూచుచున్నారని నా యభిప్రాయము.

మొదటి పక్షమునకు బలమైన సాక్ష్యము పొలములో దొరకును. మెట్టనేలలలో జొన్నసాళ్ల నడుమ కంది విత్తుట మన రైతులకు తరతరముల వాడుక. జొన్న ముందుగా కోఁతకు వచ్చును. కంది తన వేళ్లను లోతునకు పంపి, అడుగున గల తేమతో బ్రదికి, తరువాత కాపునకు వచ్చును. దాని వేళ్ల బుడిపెలలో నుండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు సారము నిచ్చును. వాన ముందు వెనుకలైనచో నొక పైరు చెడినను వేఱొకటి దక్కును. ఒక్కదానినే నమ్మినవారి గతి యెట్లుండునో యైర్లండు చరిత్ర చెప్పుచున్నది. అచ్చటి బీదజనము బంగాళాదుంపనే, అందును ముఖ్యముగా నొక్క రకపు దుంపనే యాధారము చేసికొని యుండఁగా, 1845 లో దానికి తెగులు సోఁకెను. పాలకుల నిర్దయ దానికి తోడయ్యెను. కొలఁది యేండ్లలో సుమారు 10 లక్షలమంది యాఁకటిచేతను, రోగములచేతను మరణించిరి. ఇంచుమించు అంతమంది దేశము విడిచి పోయిరి.

పొలమునకు చెల్లిన న్యాయము సంఘమునకును చెల్లునని యిచ్చట చాలమంది తీర్మానింతురు. ఆ తీర్మానము తొందరపాటు. కంది త్రాగిన నీరు మైలపడినదని జొన్న యనదు. మొక్కల నడుమ భేదమే కాని హెచ్చుతగ్గులు లేవు. మనుష్యులో, భేదమును కనుఁగొనిన వెంటనే దానికి మెట్లు కట్టుదురు.

భేదము దానంతట నదియే మేలు చేయునదైనచో మన పాత పల్లెను మించిన భాగ్యవంతమైన సంఘము లోకమున నుండరాదు. అచ్చట కుండ చేయువారొకరు, బట్ట నేయువారొకరు, తోలుపని చేయువారొకరు. దేవతలు వేఱు, వంటలు వేఱు, పెండ్లితంతులు వేఱు, మాటతీరును వేఱు. ఇంత వైవిధ్యములో తాను కుట్టిన చెప్పులు తొడిగికొని యొకఁడు ఊరివీధిలో నడువరాదు. తాను త్రవ్విన చెఱువులో నొకఁడు కడవ ముంచరాదు. అంబేద్కరు 1936 లో కులనిర్మూలనమును గూర్చి ప్రకటించిన గ్రంథములో, కులము పనిని మాత్రమే విభజించుట లేదనియు, పని చేయువారినే మెట్లుమెట్లుగా విభజించుచున్నదనియు వాదించెను. స్వాతంత్ర్యము వచ్చి, అంటరానితనమును రాజ్యాంగము నిషేధించిన పిమ్మటను కాఫీహోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి సాగెను. 1985 జూలైలో కారంచేడులో దళితుల త్రాగునీటి చెఱువుదగ్గఱ మొదలైన వివాదము వారిలో నాఱుగురి ప్రాణములు తీసెను. ఆ గ్రామములో వైవిధ్యమునకు కొదువ లేదు.

కులములును మన దేశపు వైవిధ్యములో భాగమే గదా, వానిని చెఱుపనేల యని నేఁడు మెత్తఁగా వాదించువారు గలరు. వారు వైవిధ్యమను మంచిపేరును వైషమ్యమునకు తొడుగుచున్నారు.

అట్లని భేదములను తుడిచివేసి యందఱి నొక్క మూసలో పోయఁజూచుటయు మందు కాదు. 1948 లో జిన్నా ఢాకాకు వెళ్లి, పాకిస్తానమునకు ఉర్దూ యొక్కటియే రాజభాష యని ప్రకటించెను. ఆ దేశములో నన్నిటికంటె నెక్కువమందికి మాతృభాష బంగాళీ. 1952 ఫిబ్రవరి 21 న ఢాకాలో తమ భాషకొఱకు నిలిచిన యువకులు పోలీసు కాల్పులలో మరణించిరి. 1971 లో ఆ దేశము రెండయ్యెను. ఒక్క మతము దానిని కలిపి యుంచలేకపోయెను. మన కథయు దీనికి మిక్కిలి దూరము కాదు. ఒక్క భాష యను బంధముతో 1956 నవంబరు 1 న నేర్పడిన ఆంధ్రప్రదేశము 2014 జూన్ 2 న రెండు రాష్ట్రములయ్యెను. తెలంగాణమువారు చెప్పిన నీళ్లు, నిధులు, నియామకములు అను కారణములతో పాటు మాటతీరును గూర్చిన బాధయు నుండెను. ఒక ప్రాంతపు పలుకుబడి పాఠ్యపుస్తకముల కెక్కెను. వేఱొక ప్రాంతపు పలుకుబడి చలనచిత్రములలో హాస్యగానికిని, దుష్టునికిని విడువఁబడెను. భాష యొక్కటియే యైనను, అందులో మెట్లు కట్టిన పిమ్మట మనసులు కలియలేదు.

కావున సంఘములో భేదములెన్ని యను లెక్క మనకు చాలదు. అడుగవలసినవి రెండు. భిన్నులైనవారు ఒకరితో నొకరు సమానులై యిచ్చిపుచ్చుకొనుచున్నారా? పుట్టుకతో వచ్చినదానిని విడిచి వేఱొక బాట పట్టఁదలఁచినవానికి త్రోవ తెఱచి యున్నదా? ఈ రెండును గలచోట భేదము సంపద. లేనిచోట నది చెఱ.

ఇచ్చిపుచ్చుకొనుట యెట్టిదో గిడుగు రామమూర్తి జీవితము చూపుచున్నది. ఆయన పర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడై యుండి, కొండలలోని సవరల భాషను వారివలననే నేర్చికొని, వారి పిల్లలకు వారి భాషలో పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించెను. ఆయన కూర్చిన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938 లో వెలువడెను. సవరల యాటపాటలు వింతగా నున్నవని దూరమునుండి మెచ్చుకొని యూరకుండినచో వారికేమి యొరిగెడిది? పండితుఁడు మొదట శిష్యుఁడై కూర్చుండెను, తరువాతనే గురువయ్యెను. అందుచేత నా భేదము ఉభయులకును లాభకారి యయ్యెను.

ఇట్లు కలసిమెలసి యుండినచో కొన్నాళ్లకు భేదములే యడుగంటునని కొందఱు భయపడుదురు. కొన్ని నిజముగనే పోవును. బలవంతమున పోఁగొట్టినదానికి చింతింపవలెను గాని, మనుష్యుఁడు తన యిష్టమున విడిచినదానికి చింత యేల? చెప్పులు కుట్టువాని కుమారుఁడు వైద్యుఁడైనచో ఊరిలో నొక వృత్తి తగ్గినదని వగచువాఁడు, ఆ వృత్తిని తన కుమారునికి నేర్పించుటకు సిద్ధముగా నున్నాఁడా? లేనిచో నా వగపును మనము లెక్కింపనక్కఱలేదు.

ఈ విచారము సభలకంటె నిండ్లకు ముఖ్యము. నగరములలో నిల్లు అద్దెకిచ్చువారు పెక్కుమంది మొదట కులమును, పిదప వంటయింటిలో నేమి వండుదురో దానిని అడుగుదురు. మన పిల్లల స్నేహితులలో నెవరిని వంటయింటివఱకు రానిత్తుము, ఎవరిని అరుఁగుమీఁదనే కూర్చుండఁబెట్టుదుము? భిన్నులతో సహవాసము శ్రమయే. అపార్థములు కలుగును, ఓర్పు కావలెను. ఆ శ్రమకు సిద్ధపడనివాఁడు వేదికలపై వైవిధ్యమును నెంత పొగడినను ఫలము లేదు. కులమడుగకయే తాళపుచెవి చేతికిచ్చు గృహస్థుఁడు, జన్మములో నొక్క యుపన్యాసమైనను చేయకున్నను, ఆ పొగడ్తను నిజము చేయుచున్నాఁడు.