స్నిగ్ధాహారము – అభిఘారము

వైశాఖమాసము వచ్చినదనిన విస్సన్నపేట ప్రాంతమున ఇంటింట ఆవకాయ కలుపుదురు. నూజివీటి సీమ తోటలలోని పచ్చికాయ, ఆవపిండి, కారము, ఉప్పు, పప్పునూనె. జాడీలో నూనె ముక్కలపైకి తేలవలయును; గాలి సోకనీయక ముక్కను కాపాడుటకే ఆ నూనె. విస్తరిలోనికి వచ్చుసరికి ముక్కకంటె నూనెయే ప్రియమగుచున్నది. దానితో ముద్దపప్పు, ఆపై గరిటెడు నేయి. “పెరుమాళ్ళకు ఆరగింపు చేసినదే కదా, దోషమేమి?” అని గృహిణులు అడుగుదురు.

అడుగదగిన ప్రశ్నయే. గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున సాత్త్వికాహారములలో స్నిగ్ధములను చేర్చెను. స్నిగ్ధమనగా స్నేహయుక్తమని భగవద్రామానుజుల వ్యాఖ్య; ఇచ్చట స్నేహమనగా నేయి, నూనె మొదలగు జిడ్డు. ఆ చెంతనే ఉన్న ‘హృద్య’ శబ్దమును చూచి, నేయి గుండెకు మంచిదని భగవానుడే సెలవిచ్చెనని కొందరు వాదింతురు. అది సరికాదు. అచ్చట హృద్యమనగా మనోహరమనియే అర్థము. మరుసటి శ్లోకమున రూక్షము, అనగా జిడ్డులేక శోషింపజేయునది, రాజసములలో చేరినది. కనుక నేతిని వెలివేయుమని శాస్త్రము చెప్పలేదు. అయితే కారము, పులుపు, ఉప్పు కూడ ఆ రాజసముల వరుసలోనివే. ఆవకాయ ఎటు చేరునో వేరుగా చెప్పనక్కరలేదు!

అతిగా భుజించువానికి యోగము సిద్ధింపదని ఆరవ అధ్యాయము చెప్పుచున్నది. ఆ మితమెంతయో నేటి శాస్త్రము తూచి చూపినది. కూర్చుండి పనిచేయు పురుషునకు నూనె, నేయి కలిపి దినమునకు 25 గ్రాములు, అనగా ఐదు చిన్న చెంచాలు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011 నాటి సూచనలలో తెలిపినది. నేతిలో సగముకంటె ఎక్కువ సంతృప్తపు కొవ్వు. అది మితిమీరినచో రక్తమున చెడు కొలెస్టరాలు పెరిగి, గుండెకు రక్తము కొనిపోవు ధమనుల గోడలలో పేరుకొని దారిని ఇరుకు చేయును. పప్పునూనెలో ఆ భాగము చాల తక్కువ. ఒంటిని పెంచుటలో మాత్రము రెండును సమానమే.

పల్లెవారికి ఈ జబ్బు రాదనుట భ్రమ. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామములలో మరణకారణములను విచారింపగా, సుమారు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళముల వ్యాధులవలననే అని తేలినది. పొగాకు, రక్తపుపోటు మున్నగునవియు ఇట్టి వ్యాధులకు కారణములే. అయినను నాగలి వెంట నడచినవాడు తిన్న ముద్దనే నేడు ట్రాక్టరుపై కూర్చున్నవాడును తినుచున్నాడు.

గుండెజబ్బు వచ్చి, వైద్యుడు నేయి తగ్గింపుమన్న పెద్దవారికి గరిటెడు వడ్డించి, వలదనిన “ప్రసాదమును కాదనుట అపచారము” అని భయపెట్టుట తగదు. ఆరగింపువేళ అన్నముపై చేయు అభిఘారమెంత? ఒక్క బిందువు. కోవెలలో అర్చకస్వామి అరచేతిలో ఉంచు చక్కెరపొంగలి ఎంత? ఇంటిలోను వారి చేతిలో అంతే ఉంచి, కన్నులకద్దుకొననిచ్చి, మిగిలినది పిల్లలకు పంచవచ్చును.