మాటా, అంచనాయా?

మా అన్నయ్య కూతురు ప్రోడక్ట్ మేనేజరు. ఏ నెలలో ఏం తయారుచేస్తారో గళ్ళు గీసి రాస్తుంటే, "పెళ్ళిపనుల జాబితాలా ఉందేమిటే!" అన్నాను.

"రోడ్‌మ్యాప్ అత్తయ్యా! ఒట్టు కాదు, అంచనా" అంది.

విన్నవాళ్ళు మాత్రం ఒట్టనే అనుకుంటారు కదా! ఫోను, వాచీ, చెవిలో పెట్టుకునేవీ ఒకేసారి ఛార్జి చేసే పలక తెస్తామని 2017 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ చాటింది. 2019 మార్చిలో, అనుకున్న నాణ్యత రాలేదు, క్షమించండంటూ మానుకుంది.

మాట నిలుపుకోవడానికి నాసిరకం అంటగట్టలేదు, సంతోషమే. కానీ చేతనవుతుందో లేదో తేలకముందే చాటడమెందుకూ?

మనం మాత్రం? "పరీక్షలు కానివ్వండి, ఊటీ వెళ్దాం" అని పిల్లలతో ఎన్నిసార్లు అనలేదు! మనకది అంచనా, వాళ్ళకి ఒట్టు.

ఆ మాటే చెప్పాను. అది కాసేపాలోచించి, దూరపు నెలలు చెరిపేసి, "తర్వాత" అని రాసుకుంది.