ఆయనకి తెలుసులే

మా మేనకోడలు ఫార్మ్‌డీ చదువుతోంది. ఇంటర్ తర్వాత ఆరేళ్ళ చదువు. ఐదేళ్ళు పాఠాలు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్పు. మన దేశంలోకి 2008లో వచ్చింది గనక మా తరం వాళ్ళకి దీని సంగతి అంతగా తెలియదు. ‘‘అంటే డాక్టరా?’’ అంటారు చుట్టాలు. ‘‘డాక్టర్ ఆఫ్ ఫార్మసీ అండీ’’ అంటుంది. ‘‘అంటే మందుల షాపా?’’ అని రెండో ప్రశ్న. ఈ రెండు ప్రశ్నల మధ్యనే ఇరుక్కుంది పాపం, ఆ పిల్ల చదువంతా.

రోగం తేల్చేది డాక్టరు, మందు రాసేదీ ఆయనే. రాసిన మందు ఆ మనిషికి పడుతుందా, ముందునుంచీ మింగుతున్నవాటితో పేచీ పెట్టుకుంటుందా అని చూసి చెప్పడం వీళ్ళ పని. చెప్పడం వరకే సుమండీ! చీటీలో ఒక్క అక్షరం మార్చే అధికారం లేదు. తప్పు పట్టుకోవడం వీళ్ళ చదువు, దిద్దే కలం ఇంకొకరి జేబులో.

ఐదో ఏడు రోజూ సగంపూట వార్డుల్లో డాక్టర్ల వెనక తిరగాలి. అక్కడ గుండె కవాటం మార్పించుకున్న ఒక పెద్దాయన వార్ఫరిన్ వాడుతున్నాడు. ఈ మందు చరిత్ర తమాషాగా ఉంటుంది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఎండుగడ్డి మేసిన పశువులు నెత్తురు ఆగక చచ్చిపోతుంటే, ఆ గడ్డిలో ఏముందా అని వెతికారు. ఆ వెతుకులాటలోంచి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది. 1954 నుంచి మనుషులకీ ఇస్తున్నారు. మోతాదు తగ్గితే నెత్తురు గడ్డకడుతుంది, హెచ్చితే కారడం ఆగదు. ఉన్నట్టుండి పాలకూర ఎక్కువ తిన్నా దాని లెక్క తప్పుతుంది. అంత సుకుమారం!

పెద్దాయనకి విరేచనాలు పట్టుకుంటే మెట్రోనిడజోల్ రాశారు. మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు మింగిన గోళీయే. కానీ అది లివరులో వార్ఫరిన్‌ని అరగదీసే ఎంజైముకి అడ్డం పడుతుంది. దాంతో పాత మోతాదే ఎక్కువ మోతాదై కూర్చుంటుంది.

మా పిల్ల అది గమనించింది. నోట్‌బుక్కులో రాసుకుంది. నోరు మాత్రం పెగల్లేదు. చుట్టూ పదిమంది, పెద్ద డాక్టరుగారు అప్పటికే పక్క మంచం దగ్గరకి వెళ్ళిపోయారు. స్నేహితురాలు మోచేత్తో పొడిచి ‘‘ఆయనకి తెలుసులేవే’’ అంది.

రాత్రి నాకు ఫోను. ‘‘చెప్పాలా మావయ్యా?’’ నేను లోకం చూసినవాణ్ణి కదా! ‘‘అంత పెద్దాయనకి తెలియకుండా ఉంటుందా తల్లీ, పడుకో’’ అన్నాను.

పడుకోలేదట. తెల్లవారగానే వెళ్ళి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరుని అడిగింది. ఆయన కేసు షీటు తిప్పి చూపించాడు. వార్ఫరిన్ మోతాదు తగ్గించి, ఐఎన్నార్ పరీక్షకి రాసి ఉంది, ముందురోజు సాయంత్రమే. పెద్దాయన మంచం మీద కూచుని ఇడ్లీ తింటున్నాడు.

‘‘చూశావా! నే చెప్పలేదూ?’’ అన్నాను.

‘‘ఆయనకి తెలుసు, సరే మావయ్యా. ఆయనకి తెలుసని రాత్రి నాకు తెలీదుగా!’’

ఆ మాట నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్ళ కిందట, నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో, పోయిన ఉద్యోగి భార్యకి రావలసిన గ్రాట్యుటీ ఫైలు నా చేతిమీదుగా వెళ్ళింది. సర్వీసు కూడికలో ఒక ఏడాది తక్కువ పడింది. నా కంట పడింది కూడా. కిందనే ఆఫీసరుగారి సంతకం. ఆయనకి తెలుసులే అనుకుని ఫైలుకి తాడు కట్టేశాను. తర్వాత ఆడిట్ వాళ్ళు పట్టుకుని దిద్దారు. ఆవిడకి పైసా నష్టం లేదు. అందుకే కాబోలు, నా తప్పుల చిట్టాలో దాన్ని ఎన్నడూ వేసుకోలేదు.

ఇద్దరు నూతిమీద మూత వెయ్యకుండా పోయారు. ఒకరి నూతిలో పిల్లాడు పడ్డాడు. రెండోవారి నూతిలో ఎవరూ పడలేదు. ఆ రెండోవాడు చేసిన మంచిపని ఏమిటో మీరే చెప్పండి!

అలాగని ప్రతి విద్యార్థీ ప్రతి చీటీకీ అడ్డం పడితే వార్డు నడుస్తుందా? రోగి ముందే అడిగితే రేపటినుంచి ఆయన ఏ మందూ మింగడు. అదీ నిజమే. ఇప్పుడు మా పిల్ల డాక్టరుగారు వరండాలోకి వచ్చాక ‘‘ఐఎన్నార్ ఎప్పుడు చూద్దాం సార్?’’ అని అడుగుతుందట. తెలిసి తెలియనట్టు అడగడం వినయమో గడుసుతనమో నాకింకా తేలలేదు.

మొన్న సంక్రాంతికి వచ్చింది. పక్కింటి పిన్నిగారు ‘‘డాక్టరమ్మా’’ అంటూ ఒక గోళీల అట్ట పట్టుకొచ్చారు.

‘‘నేను ఆ డాక్టర్ని కాదు పిన్నిగారూ. ఇది కాక ఇంకేం వాడుతున్నారు?’’

‘‘అవన్నీ ఆయనకి తెలుసులేవే!’’

మా పిల్ల నా వంక చూసింది. నేను లేచి, ఆవిడ మందుల సంచీ తీసుకురావడానికి పక్కింటికి వెళ్ళాను.