ఎమర్జెన్సీ కాంటాక్ట్

పోఖరాలో పారాగ్లైడింగ్ కోర్సు మొదలయ్యే ముందు ఒక ఫారం ఇచ్చారు. ప్రమాదం జరిగితే బాధ్యత నాదేనని సంతకం, దాని కింద ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని ఒక గడి. నేను నా ఫ్రెండ్ నంబర్ రాశాను. వాడు నా నంబర్ రాశాడు. ఇద్దరం ఒకేసారి గాల్లో ఉండొచ్చు కదా అన్నది ఇద్దరికీ తట్టలేదు. తట్టినా అమ్మల నంబర్లు రాసేవాళ్లం కాదు. మూసారాంబాగ్‌లో మా రెండిళ్లల్లోనూ మేం ట్రెకింగ్‌కి వెళ్లామనే తెలుసు.

నలుగురం వెళ్లాం. పైలట్ ముందు కూర్చుని, సారంగ్‌కోట్ నుంచి ఫేవా సరస్సు ఒడ్డుకు దిగి, వీడియో తీయించుకుని వచ్చేయొచ్చు. చాలామంది చేసేది అదే. మాకేమో సొంతంగా ఎగరాలని. సొంతంగా ఎగరడమంటే ముందు కొన్ని రోజులు నేలమీద కుస్తీ. గుడ్డ వెనక పరిచి, తాళ్లు చిక్కుపడకుండా చూసుకుని, గాలికి ఎదురు పరుగెత్తితే అది నెత్తిమీదికి లేస్తుంది. లేచినట్టే లేచి ఓ పక్కకి ఒరిగి మనల్ని ఈడ్చుకుపోతుంది. సంక్రాంతికి బిల్డింగులెక్కి పతంగులు ఎగరేసినవాళ్లం, గాలి మాకు తెలుసనుకున్నాం. అక్కడ మాంజా మన చేతిలో ఉంటుంది. ఇక్కడ మాంజా చివర మనమే ఉంటాం.

నేర్పినాయన ఒక మాట పదేపదే అనేవాడు. ఎగరడం ఎవరికైనా వస్తుంది, గాలి బాగాలేనిరోజు గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని కొండ నడిచి దిగడమే కష్టం అని. ఎండెక్కితే నేల వేడికి గాలి పైకి తన్నుకొస్తుంది. చేయి తిరిగినవాళ్లు దాన్ని పట్టుకుని ఇంకా పైకి పోతారు. మాలాంటివాళ్లు పొద్దున్నే, గాలి నెమ్మదిగా ఉన్నప్పుడే ఎగిరి దిగిపోవాలి.

ఐదో రోజు మావాడు పడ్డాడు. దిగేటప్పుడు పాదాలు నేలకు బాగా దగ్గరగా వచ్చాకే రెండు బ్రేకులూ పూర్తిగా లాగాలి. ముందే లాగితే గుడ్డ వేగం చచ్చిపోతుంది, మనిషి ఉన్నచోటి నుంచే కిందకి పడతాడు. వాడు ముందే లాగాడు. మనిషెత్తుకు కాస్త పైనుంచి, అంతే. చీలమండ విరిగింది. మేం తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్సు ఇలాంటి ఆటలకు వర్తించదన్న లైను ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని మొదటిసారి చదివాం.

వాళ్ల అమ్మకు ఫోన్ చేసింది నేనే. ట్రెకింగ్‌లో జారాడని చెబుదామనుకున్నా, నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆంటీ అరవలేదు. కాసేపు ఆగి ఒక్కటే అడిగింది.

"నీకు ముందే ఎరుకేనా బిడ్డా?"

"ఎరుకే ఆంటీ."

ఎందుకు ఎగిరాడని అడగలేదు. నీకు తెలుసా అని అడిగింది. వాడి కాలు వాడి ఇష్టం అని నేను తయారుచేసుకున్న వాదన ఆ ప్రశ్నకు జవాబు కాదు.

ఆ వాదన నాకు చదువులో వచ్చింది. జాన్ స్టువర్ట్ మిల్ 1859 నాటి 'ఆన్ లిబర్టీ'లో ఒక వంతెన ఉదాహరణ ఉంది. ఒకడు కూలబోయే వంతెన ఎక్కుతున్నాడు, ఆ సంగతి వాడికి తెలీదు, చెప్పే టైం లేదు. అప్పుడు వాణ్ని పట్టి ఆపినా స్వేచ్ఛకు భంగం లేదు, ఎందుకంటే నదిలో పడాలన్నది వాడి కోరిక కాదు. కానీ ప్రమాదం ఖాయం కాక, ఉండొచ్చు అన్నంతవరకే అయితే, హెచ్చరించాలి తప్ప బలవంతంగా ఆపకూడదు. మూసీ పొంగినప్పుడల్లా మా వంతెన దగ్గర పోలీసులు బారికేడ్లు పెట్టడం చూస్తూ పెరిగినవాణ్ని, ఈ ఉదాహరణ నాకు ఇట్టే ఎక్కింది. మిల్ మావైపే అనుకున్నాను. హెచ్చరించాలి అన్న సగాన్ని వదిలేశాను.

దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో రోజూ బండి నడుపుతున్నాం, దానికంటే ఇదేం రిస్కు అనేవాడు మావాడు. లెక్క సంగతి పక్కన పెడితే, బండి తీసేటప్పుడు అమ్మ గేటు దాకా వచ్చి "పైలం" అంటుంది. ఆ మాట వల్ల లారీలేం పక్కకు తప్పుకోవు. కానీ ఆమెకు తెలుసు. పోఖరా విషయంలో ఆ మాట అనే వీలు కూడా లేకుండా చేశాం. భయపడే వంతు ఇవ్వకుండా నేరుగా వార్తే ఇచ్చాం.

మా దగ్గర్లో ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమండ్ సమాధి ఉంది. మా పేటకు పేరిచ్చిన మూసా రాం ఆయనే, ఫ్రాన్స్ నుంచి వచ్చి నిజాం సేనాని అయ్యాడు, 1798లో ఇక్కడే పోయాడు. ఆ వార్త అప్పట్లో సముద్రం దాటడానికి నెలలు పట్టి ఉంటుంది. మాకు ఆ సాకు కూడా లేదు, జేబులో ఫోనుంది.

అలాగని ముందే చెప్పి ఉంటే? మా అమ్మ హెచ్చరిక మిల్ చెప్పే హెచ్చరిక కాదు. అన్నం మానేస్తుంది, మాట్లాడదు. అది బారికేడే. దానికి జడిసే అబద్ధమాడాం, అంత నీచులమేం కాదు. అయినా ఆమె ఏడుస్తుండగా, చూస్తుండగా దాటిపోవడానికీ వెనక గల్లీలోంచి జారుకోవడానికీ తేడా ఉందనే ఇప్పుడు అనుకుంటున్నా. మొదటిదానికి నాకు దమ్ముందో లేదో మాత్రం తెలీదు.

వచ్చిన వారానికి అమ్మకు అంతా చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతూ వింది.

"మళ్ల పోతవా?"

"పోతనేమో."

"ఆ ఫారంల ఎవరి నంబర్ రాసినవ్?"

చెప్పాను. ఇంకేం అడగలేదు. కుక్కర్ విజిలేస్తే లేచి వంటింట్లోకి వెళ్లింది.