శిశువిద్య: బెత్తమా, దయయా?

శ్రీ గురు బసవలింగాయ నమః.

బాలుడు లింగపూజకు కూర్చుండెను. అరచేత ఇష్టలింగము నిలిచియున్నది. చూపు మాత్రము వాకిట గంతులిడు దూడపైకి పోయినది. తండ్రి బెత్తము నెత్తగా చూపు మరలివచ్చినది. మనస్సు మరలివచ్చినదా? దేహమును బెత్తముతో కూర్చుండబెట్టవచ్చును గాని, దృష్టిని లింగమున నిలుపుట ఏ బెత్తమునకును సాధ్యము కాదు. శిశువిద్యలోని చిక్కంతయు ఈ చిన్న దృశ్యముననే కలదు.

శరణులారా! బసవేశ్వరుడు బాల్యముననే ఉపనయనమును నిరాకరించెనని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించినాడు. పెద్దలను ప్రశ్నించిన ఆ బాలుడే పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు శరణులకు మార్గదర్శి యయ్యెను. ఆ ప్రశ్నను అవిధేయతగా నెంచి ఆనాడే అణచివేసియున్నచో లోకమునకు ఎంత నష్టము! తమ యింట బిడ్డ "ఎందుకు?" అని యడిగినప్పుడు కన్నెఱ్ఱ చేయువారు ఈ కథను ఏ ముఖముతో పారాయణము చేయుదురు?

అట్లని కట్టుబాటు వలదని శరణులు చెప్పలేదు. అనుభవమంటపమున అల్లమప్రభువు సన్నిధిని ప్రశ్నకు చోటు కలదు. కాయకమును, ఆచారమును వీడుటకు చోటు లేదు. వచనమునకు ఛందోబంధము లేదు. అయినను తుదిని ఇష్టదైవము పేరిట అంకితముండును. సోమనాథుడు దేశి ద్విపదను చేపట్టెను. దానికిని పాదమునకు 3 ఇంద్రగణములు, 1 సూర్యగణము అను కట్టు కలదు. మనస్ఫూర్తిగా వరించిన నియమము ఊతము. భయముతో మోసిన నియమము బరువు. పందిరి లేని తీగె నేలపాలగును. పందిరికి బిగించి కట్టిన తీగె తెగిపోవును.

బెత్తము లేనిదే చదువు రాదని కొందఱందురు. బెత్తమునకు వెఱచి నేర్చినది బెత్తము మఱుగుపడగానే మఱుగుపడును. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. ఆ చట్టము బడిగడప వఱకే. ఇంటిలో బిడ్డను కాపాడవలసినది దయ. ధర్మమునకు దయయే మూలమని బసవేశ్వరుని బోధ.

తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమారస్వామివారు (1907–2019) కులభేదము లేక బీదబిడ్డలకు అన్నము, అక్షరము, ఆశ్రయము నొసంగిరి. అచట ప్రార్థనకు నియమము కలదు. ఆ నియమమునకు ముందే ఆకలి తీర్చిన చేయి కలదు. స్వామివారును వేకువకు ముందే లేచి లింగపూజ యొనర్చెడివారు. తాను పాటించినవాడు చెప్పిన నియమమే బిడ్డ మనస్సున నాటుకొనును.

కావున ఆ తండ్రి బెత్తమును అటకపై నుంచి, తానును బిడ్డ ప్రక్కన కూర్చుండవలెను. దూడ ఏమి చేసెనో బిడ్డను చెప్పనిచ్చి, చిఱునవ్వుతో వినవలెను. పిదప తన అరచేత లింగమును నిలిపి, తన చూపును దానియందు నిలుపవలెను. బిడ్డ చూపు మరల తప్పును. కసరక మరల పిలువవలెను. అట్లు పదిమాఱులు పిలువగా ఒకనాడు పిలువకయే వచ్చును. ఆనాడు వచ్చినదే విద్య.

శరణు శరణార్థి.