ఏడవ మునక



సిరియా సేనాధిపతి నామాను కథ రాజుల రెండవ గ్రంథము ఐదవ అధ్యాయములో ఉన్నది. యోర్దానులో ఏడు మార్లు మునగమని ఎలీషా ప్రవక్త చెప్పి పంపగా, అతడు కోపముతో వెనుదిరిగాడు. నచ్చజెప్పి ఆపినది వెంట వచ్చిన సేవకులు. ఏడు మునకలూ వేశాడు, కుష్ఠు పోయినది. ఆరవ మునకతో ఒడ్డుకు వచ్చేసి ఉంటే?

మనలో కొందరు క్షయరోగులు అలాగే ఒడ్డుకు వచ్చేస్తున్నారు. సాధారణ క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. నయమైపోయిందిలే అని మానేస్తారు. కాని మందకొడిగా దాగిన క్రిములు ఇంకా మిగిలే ఉంటాయి. తక్కిన నాలుగు నెలల మందు వాటి కోసమే. మధ్యలో మానితే రోగము తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని మొండి క్షయ కావచ్చు, ఇంట్లో పసిబిడ్డలకు సోకవచ్చు.

మానినవారిని నిందించడము సులువు. పెనుకొండ, హిందూపురం పల్లెల నుండి బెంగళూరుకు కూలికి పోయేవారికి, మగ్గం ఆడితేనే పొయ్యి వెలిగే ధర్మవరం నేతగాండ్రకు ఆరు నెలలు చాలా పొడవు. మాత్రలు మింగితే కడుపులో తిప్పుతుంది. మూత్రము ఎర్రబడితే భయము. అది మందు రంగే, ప్రమాదము లేదని చెప్పేవారుండరు.

ఒకప్పుడు రోగులు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియంలలో నెలల తరబడి ఉండేవారు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇంటి వద్ద మందులు వాడినా దాదాపు అంతే ఫలితమని చూపినది. అయితే ఇంట్లో నర్సు ఉండదు కదా! అందుకే ఒకరు ఎదుట నిలిచి మింగించే పద్ధతి వచ్చింది. 1997లో 'డాట్స్' పేరుతో మన దేశములో ప్రారంభమై, 2006 నాటికి దేశమంతటా అమలైనది. ఇది కాపలా కాదు, తోడు.

ఆ తోడు ఆశా కార్యకర్త కావచ్చు, ఇంటివారు కావచ్చు, పొరుగువారు కావచ్చు. మీ వీధిలో రోగి ఉంటే ఆశాతో మాట్లాడి ఆ బాధ్యత అడగండి. ముందు ఇంత సంగటి పెట్టి, మాత్ర మింగేవరకు కూర్చోండి. వాంతులు ఆగకున్నా, కళ్లు పచ్చబడినా వెంటనే డాక్టరు వద్దకు తీసుకుపోండి. వలస పోతుంటే ముందుగా ఆసుపత్రిలో చెప్పించండి, చికిత్స అక్కడికి మార్పిస్తారు. 2024 నవంబరు నుండి పోషణకు నెలకు 1000 రూపాయలుగా పెరిగిన ప్రభుత్వ సాయము అతని ఖాతాకు చేరేలా చూడండి.

నామాను సేవకుల పేర్లు గ్రంథములో లేవు. వారు లేకుంటే అతడు కుష్ఠుతోనే ఇల్లు చేరేవాడు. మీ పొరుగువాని ఏడవ మునక వరకు మీరు ఒడ్డున నిలిచి ఉండే కృపను ప్రభువు దయచేయును గాక. ఆమెన్.